చిన్న సంస్థలు – పెద్ద ఆశయాలు
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



చిన్న సేవాసంస్థల ఆశయాల గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు కోరారు. నేను వక్తను కాను, గుమాస్తాను. సర్వీసులో చాలాకాలం సంఘాల రిజిస్ట్రేషన్ కాగితాలు చూసే సీటులో పనిచేశాను. కనుక నాకు తెలిసిన ఆ కాగితాల వైపు నుంచే మాట్లాడతాను.

సంఘం నమోదు కావాలంటే కనీసం ఏడుగురు ఉండాలి. 1860 నాటి చట్టంలోనూ అంతే, ఉమ్మడి రాష్ట్రంలో 2001లో వచ్చిన చట్టంలోనూ అంతే. ఆ ఏడుగురు దాఖలు చేసే పత్రంలో 'ఆశయాలు' అనే భాగం ఒకటి ఉంటుంది. కొందరు అందులో నిరక్షరాస్యత నిర్మూలన మొదలుకొని సకల జీవకోటి సంక్షేమం దాకా ఇరవై అంశాలు రాసుకొచ్చేవారు. కొందరు మా ఊరు, మా చెరువు, మా పిల్లలు అని రెండు వాక్యాలతో సరిపెట్టేవారు. ఆ రెండు వాక్యాల సంస్థలంటేనే నాకు గౌరవం. ఏం చేస్తామన్నారో, ఏం చేశారో సరిచూడటానికి వీలుంటుంది గనుక.

ఇలా చిన్నగా మొదలై నిలబడిన సంస్థలు మన తెలుగు నేల మీదనే ఉన్నాయి. రెండింటిని మాత్రం చెబుతాను.

మొదటిది డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ. 1983లో జహీరాబాదు ప్రాంతంలో, అంటే నాటి మెదక్, నేటి సంగారెడ్డి జిల్లాలో ప్రారంభమైంది. పేద మహిళలు, అందులోనూ ఎక్కువమంది దళిత మహిళలు, ఊరూరా సంఘాలుగా ఏర్పడ్డారు. వారికున్నది చెలక భూమి, అదీ కొద్దిపాటిది, చాలాభాగం బీడు. 1990ల మధ్యలో వారొక పద్ధతి పెట్టుకున్నారు. బీడు సాగుచేసుకోవడానికి అప్పు ఇస్తారు. ఆ అప్పును డబ్బుగా కాక జొన్నలుగా కొన్నేళ్ళలో తీర్చాలి. ఆ జొన్నలు ఊళ్ళోనే నిలవచేసి, పనులు దొరకని రోజుల్లో నిరుపేద కుటుంబాలకు తక్కువ ధరకు ఇస్తారు. ఎవరు నిరుపేదలో ఊరివాళ్ళే నలుగురిలో కూర్చుని తేల్చారు. రేషన్ కార్డుల జాబితాలు తయారుచేసినవారు మనలో చాలామంది ఉన్నారు. ఆ పని ఎంత కష్టమో మీకు చెప్పనక్కరలేదు.

ఈ పద్ధతిలో బీడు సాగులోకి వచ్చింది, కూలి దొరికింది, గింజలు ఇంటికి చేరాయి. జొన్న, కొర్ర, సజ్జ, కంది వంటి పాతపంటల విత్తనాలు ఆ మహిళల ఇళ్ళలోనే భద్రంగా ఉన్నాయి. 2008లో మాచనూరులో వారి సొంత రేడియో కేంద్రం ప్రారంభమైంది. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వారు ఈక్వేటర్ బహుమతి ఇచ్చారు.

రెండవది అనంతపురం సీమలోని టింబక్టు కలెక్టివ్. 1990లో చెన్నేకొత్తపల్లి దగ్గర 32 ఎకరాల బంజరుతో మొదలైంది. ఆ ఊరు ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. సాలుకు సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే సీమ అది. అక్కడ వారు ముందుగా చేసినది కాపలా. నిప్పు పడకుండా, పశువులు మేయకుండా చూశారు. వాననీటికి అడ్డుకట్టలు వేశారు. గడ్డి దానంతటదే వచ్చింది, వెనుక చెట్లు వచ్చాయి. ఆ అనుభవంతోనే చుట్టుపక్కల గ్రామస్థులు కలిసి కల్పవల్లి పేరుతో వేల ఎకరాల ఉమ్మడి భూమిని కాపాడుకొస్తున్నారు. ఆ గడ్డి పశువులకు మేత, అక్కడి ఈత చెట్టు బుట్టలు, చీపుళ్ళు అల్లేవారికి బతుకుతెరువు.

మనుషులకు సాయం ఒక ఖాతా, ప్రకృతికి సాయం ఇంకో ఖాతా అని మనం విడదీసి రాస్తాం. ఈ రెండుచోట్లా అది ఒకే ఖాతా. నేల బాగుపడితే మనిషి తిన్నాడు. మనిషికి తిండి దొరికింది గనుక నేలను కాపాడాడు. చిన్న సంస్థ ఆ ఊళ్ళోనే ఉంటుంది గనుక ఈ సంబంధం దానికి కనిపిస్తుంది.

ఇక అసలు విషయానికి వస్తాను. ఈ రెండూ నిలదొక్కుకున్న సంస్థలు. వాటిలాగే బయలుదేరి మూడేళ్ళకో అయిదేళ్ళకో మూతపడినవి ఎన్నో ఉన్నాయి. మంచి మనసు లేక మూతపడినవి తక్కువ. మినిట్సు పుస్తకం లేక, క్యాష్‌బుక్ సరిగా రాయక, ఏటా రిజిస్ట్రారుకు పంపవలసిన కార్యవర్గ జాబితా పంపక ఆగిపోయినవి నా సీటు నుంచి చాలా చూశాను. చెట్లు నాటేవాడికి రిటర్నులు రాయడం రాదు. పైగా ఆదాయపు పన్ను శాఖలో ఒకసారి చేయించుకున్న నమోదు శాశ్వతంగా ఉండే రోజులు 2021తో పోయాయి. గడువు తీరకముందే పునరుద్ధరించుకోవాలి.

అయ్యా, మనకు వచ్చిన విద్య అదే కదా! ముప్పై అయిదేళ్ళు ఫైళ్ళతో కాపురం చేసినవాళ్ళం. పెన్షన్‌లోంచి పెద్ద మొత్తాలు ఇవ్వలేకపోవచ్చు. మందుల ఖర్చు మనందరికీ తెలిసిందే. కాని నెలకు రెండు పూటలు మన ఊళ్ళోని ఒక చిన్న సంస్థకు లెక్కలు రాసిపెట్టగలం. మన సంఘం ఈ ఏడాది అలాంటి సంస్థ ఒక్కదాన్ని ఎన్నుకొని, దాని కాగితాలు సరిచేసే బాధ్యత తీసుకోవాలని ప్రతిపాదిస్తున్నాను.

చందా ఇవ్వదలచినవారికి మూడు మాటలు. నమోదు పత్రంలోని ఆశయాలు చదవండి. నిరుటి జమాఖర్చులు చూపమనండి. రశీదు తీసుకోండి. చూపడానికి సంకోచించే సంస్థకు దూరంగా ఉండండి. సంతోషంగా చూపే సంస్థకు వందరూపాయలైనా సరే, ఏటా ఇవ్వండి. ఒక్కసారి వచ్చే వేయికంటే తప్పక వచ్చే వంద చిన్న సంస్థకు ఎక్కువ ధైర్యం. నెల మొదటి తేదీ విలువ పెన్షనర్లకంటే ఎవరికి బాగా తెలుసు?

 నా ప్రతిపాదనను బలపరచేవారు చేతులెత్తవలసిందిగా కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.