సముద్రపు కట్ట
(రజతోత్సవ సభయందు చేయబడిన ప్రసంగ పాఠము)



పగడమనగానే ఆంధ్రులకు నవరత్నములును, ముత్తైదువల మెడలోని ఎఱ్ఱని పూసలును జ్ఞప్తికి వచ్చును. కవులు సుందరుల పెదవులను దానితో పోల్చిరి. నిఘంటువులు ప్రవాళమనియు, విద్రుమమనియు పేర్కొన్నవి. అయితే ఆభరణములకు వాడు పగడము వేఱు. సముద్రమున దిబ్బలు కట్టు పగడము వేఱు.

ఈ దిబ్బలు కట్టునది మెత్తని చిన్న జంతువు. సముద్రజలమునుండి సున్నమును గ్రహించి అది గట్టి గూడు కట్టుకొనును. దాని దేహమున వసించు సూక్ష్మమైన నాచు సూర్యకాంతితో ఆహారమును సిద్ధపఱచి దానికి పంచును. తరతరములుగా గూటిపై గూడు చేరి దిబ్బ యేర్పడును. బండవలె పెరుగు జాతులు ఏడాదికి సుమారు 1 సెంటీమీటరు మాత్రమే పెరుగును.

తమిళనాట రామేశ్వరమునకును తూత్తుకుడికిని నడుమ, మన్నారు సింధుశాఖయందు, ఇట్టి దిబ్బలు చుట్టుకొనిన దీవులు 21 ఉండెడివి. ఊరికి చెరువుకట్ట యెట్టిదో ఆ దీవులకు దిబ్బ యట్టిది. అలల ఉద్ధృతిని ముందుగా అదియే భరించును. దాని సందులలో చేపపిల్లలు పెరుగును.

ఆ దిబ్బలను దశాబ్దములపాటు పెఱికి, పడవలకెత్తి, సున్నపు బట్టీలకును కర్మాగారములకును చేర్చిరి. పెఱికినవారిలో పెక్కురు పేదలు. కూటికై ఆ పని చేసిరి. కాని చెరువుకట్ట మన్ను తవ్వి ఇల్లు మెత్తుకొన్నవానికి వానకాలమున ఇల్లును దక్కదు, చేనును దక్కదు. దిబ్బ తరిగినచోట అడ్డు లేక సముద్రము ఇసుకను కోసికొనిపోయెను. పూవరసన్‌పట్టి, విలంగుచల్లి యను రెండు దీవులు నీట మునిగెను.

1986లో ఆ ప్రాంతము సముద్ర జాతీయోద్యానముగా ప్రకటింపబడెను. 2001లో పగడములకు వన్యప్రాణి సంరక్షణ చట్టపు రక్షణ లభించెను. తరువాత కొన్ని యేండ్లకు తవ్వకము ఆగెను. వాన్ దీవి కోసికొనిపోకుండ 2015 నుండి కాంక్రీటుతో కృత్రిమ దిబ్బలు నిలిపిరి.

అయినను ఆపద తీరలేదు. నీరు మితిమీరి వేడెక్కినపుడు పగడము తన నాచును వెడలగొట్టి తెల్లబారును. వేడి త్వరగా తగ్గినచో కోలుకొనును, లేనిచో చచ్చును. 2016లో అచ్చట అట్టి విపత్తు సంభవించెను. బొగ్గును, చమురును కాల్చు ప్రతి దేశమునకును ఈ వేడిలో పాలున్నది.

కనుక చట్టమొక్కటియే చాలదు. దిబ్బను విడిచిన పేదకు వేఱొక జీవనము చూపవలెను. లంగరులను, ఈడ్పు వలలను దిబ్బలకు దూరముగ నుంచవలెను. ఒక్క దినమున పెఱికినదానిని తిరిగి కట్టుటకు ఆ చిన్న ప్రాణికి వందల యేండ్లు పట్టును. కట్టను కాచుట ఆయకట్టుదారులందఱి విధి. సముద్రపు కట్టకు ఆయకట్టుదారు కానివాడు లేడు.