ఆడేవాళ్లు కోట్లల్లో ఉన్నా గేమ్స్‌కి టీవీ అంత ఫ్యాన్స్ ఎందుకు లేరు?

ఈరోజు టాపిక్ గేమ్స్. కానీ ముందు ఒక సీరియల్ గురించి మాట్లాడాలి. స్కిప్ చేయకండి, కారణం ఉంది.

"వంటలక్క" అనగానే ఎవరు గుర్తొచ్చారు? "కార్తీక దీపం"లో దీపే కదా. మరి ఆ సీరియల్‌ని మీలో ఎంతమంది కూర్చుని చూశారు? చాలామంది ఒక్క ఎపిసోడ్ కూడా పూర్తిగా చూసుండరు. అయినా వంటలక్క తెలుసు, డాక్టర్ బాబు తెలుసు, మోనిత తెలుసు. ఎలా తెలుసు? అమ్మ చెప్పింది, పక్కింటి ఆంటీ చెప్పింది, మిగతాది మీమ్స్ చెప్పాయి.

ఇప్పుడు రెండో ప్రశ్న. మీరు బీజీఎంఐ ఆడతారా? సరే, ఆ గేమ్‌లో మీకు బాగా నచ్చిన క్యారెక్టర్ పేరు చెప్పండి. వాళ్ల కథేంటో చెప్పండి. తడుముకుంటున్నారు కదా? రోజుకి మూడు గంటలు ఆడేవాడు కూడా తడుముకుంటాడు. నేనూ అంతే. మ్యాప్‌లో ఏ ఇల్లు ఎక్కడుందో చెప్పగలను గానీ, నా బొమ్మ ఎవరో, ఎక్కడివాడో నాకు తెలీదు.

ఇక్కడ ఒక మాట క్లియర్ చేసుకుందాం. ఆడేవాళ్లు వేరు, ఫ్యాన్స్ వేరు. గేమ్స్‌కి జనం తక్కువ అని నేను అనట్లేదు. మైన్‌క్రాఫ్ట్ ఒక్కటే 2023 నాటికి 30 కోట్ల కాపీలకు పైగా అమ్ముడుపోయింది. నేను ఫ్యాన్స్ అంటున్నది ఎవరినంటే, స్క్రీన్ ఆపేశాక కూడా దాని గురించే మాట్లాడుకునేవాళ్లని. బొమ్మలు వేసేవాళ్లు, సొంతంగా కథలు రాసేవాళ్లు, దానికోసం ఒకచోట కలుసుకునేవాళ్లు. ఆడే జనంతో పోల్చి చూస్తే గేమ్స్ చుట్టూ అలాంటి గుంపు చిన్నగానే ఉంటుంది. టీవీ చుట్టూ మాత్రం పెద్దగా ఉంటుంది. ఎందుకు?

మొదటిది, గడప. టీవీ చూడటానికి ఏ టాలెంటూ అక్కర్లేదు. కూరగాయలు తరుగుతూ చూడొచ్చు, సగంలో వచ్చి కూర్చోవచ్చు, "ఇప్పటిదాకా ఏమైంది?" అని పక్కవాళ్లని అడగొచ్చు. గేమ్ అలా కాదు. "ది లాస్ట్ ఆఫ్ అస్" అనే గేమ్ 2013లో వచ్చింది. గేమ్స్ చరిత్రలో గొప్ప కథల్లో ఒకటని దాన్ని అందరూ చెబుతారు. కానీ అది చాలా ఏళ్లు ప్లేస్టేషన్‌లో మాత్రమే ఉండేది. 2021లో పీఎస్5 మన దేశానికి వచ్చినప్పుడు దాని ధర రూ. 49,990. పోనీ డబ్బు ఉందనుకుందాం. మా అమ్మ చేతికి కంట్రోలర్ ఇస్తే మొదటి గదిలోనే గోడకి గుద్దుకుంటూ ఉంటుంది. ఎంత మంచి కథైనా అక్కడే ఆగిపోతుంది. అదే కథని 2023లో హెచ్‌బీఓ వాళ్లు సిరీస్‌గా తీశారు. అప్పటిదాకా కంట్రోలర్ ముట్టుకోనివాళ్లు కూడా జోయెల్ చేసింది తప్పా కాదా అని వాదించుకున్నారు. కథ అదే, ఈసారి గడప తీసేశారు, అంతే.

రెండోది, అందరికీ ఒకేసారి జరగడం. 1987లో దూరదర్శన్‌లో "రామాయణ్" మొదలైంది. ఆదివారం పొద్దున ఆ టైమ్‌కి రోడ్లు ఖాళీ అయిపోయేవని మన పెద్దవాళ్లు ఇప్పటికీ చెబుతారు. టీవీ ఉన్న ఇంట్లో వీధి మొత్తం కూర్చునేది. హిందీ రానివాళ్లు కూడా చూశారు. సోమవారం పొద్దున ఎవరు ఎవరిని కలిసినా మాట్లాడుకోవడానికి ఒకే విషయం ఉండేది, ఎందుకంటే అందరూ చూసింది ఒకటే.

గేమ్‌లో నేను చూసింది మీరు చూడరు. నేను మూడో లెవెల్‌లో ఉంటాను, మీరు ఇరవైలో ఉంటారు, ఇంకొకడు రెండేళ్ల కిందటే పూర్తి చేసి మర్చిపోయుంటాడు. బ్యాటిల్ రాయల్ అయితే ఇంకా విచిత్రం. 100 మంది ఒక దీవిలో దిగుతాం, అరగంటలో అంతా అయిపోతుంది. అందులో నేను చేసిన సూపర్ కిల్ నాకూ, నా స్క్వాడ్‌కీ, ఆ చచ్చినవాడికీ తప్ప ఎవరికీ తెలీదు. రేపు దాని గురించి ఎవరితో మాట్లాడాలి?

మూడోది, గ్యాప్. నాకు చాలా ముఖ్యం అనిపించేది ఇదే. సీరియల్ ఎక్కడ ఆగుతుంది? తలుపు తెరుచుకుని, ఎవరో లోపలికి వచ్చి, మూడుసార్లు జూమ్ అయ్యాక ఆగుతుంది. తర్వాత 23 గంటలు మనం ఏమీ చేయలేం. ఊహించుకోవాలి, ఫోన్ చేసి మాట్లాడుకోవాలి, తిట్టుకోవాలి. ఆ ఖాళీలోనే ఫ్యాన్ పుడతాడు.

గేమ్‌లో ఆ ఖాళీ ఏది? చచ్చిపోయిన మూడు సెకన్లకి మళ్లీ స్టార్ట్ బటన్ వెలుగుతూ ఉంటుంది. 2022లో "కార్తీక దీపం"లో దీపనీ డాక్టర్ బాబునీ చంపేసి కథని పిల్లల తరానికి తీసుకెళ్లినప్పుడు ఇళ్లల్లో ఎంత గోల జరిగిందో గుర్తుందా? మా ఇంట్లో అయితే రెండు రోజులు మూడీగానే ఉంది వాతావరణం. కొన్ని నెలలకి ఆ ఇద్దరూ మళ్లీ కథలోకి వచ్చారు, అది వేరే విషయం. నేను పోచింకీలో కొన్ని వందలసార్లు చచ్చిపోయాను. ఒక్కసారైనా ఎవరైనా బాధపడ్డారా? నేనే పడలేదు.

నాలుగోది, చేతులు. టీవీ ముందు మన చేతులు కట్టేసినట్టే. కథ మన మాట వినదు. అందుకే ఆ ఆవేశం బయటికి వస్తుంది. అమెరికాలో 1966లో "స్టార్ ట్రెక్" అనే సిరీస్ మొదలైంది. ఆపేస్తారేమో అన్న భయంతో ఫ్యాన్స్ చానల్‌కి ఉత్తరాల మీద ఉత్తరాలు రాశారు. ఉత్తరాలు ఆపండి, సిరీస్ కొనసాగుతుంది అని 1968లో ఆ చానల్ టీవీలోనే ప్రకటించాల్సి వచ్చింది. 1967లోనే వాళ్లు సొంతంగా ఒక ఫ్యాన్ పత్రిక కూడా అచ్చేసుకున్నారు. ఇంటర్నెట్ లేని రోజుల్లో!

మన దగ్గరా అదే జరిగింది. 2018లో బిగ్ బాస్ తెలుగు రెండో సీజన్ గుర్తు తెచ్చుకోండి. నాని హోస్ట్, కౌశల్ విన్నర్. లోపల ఏం జరగాలో బయటివాళ్ల చేతిలో లేదు, ఓటు ఒక్కటే ఉంది. దాంతో కౌశల్ ఆర్మీ పుట్టింది. ఓట్లు వేయించడంతో ఆగకుండా, ఆయన కోసం హైదరాబాద్‌లో 2కే వాక్ కూడా చేశారు.

గేమ్‌లో ఏదైనా చేయాలనిపిస్తే లోపలే చేసేస్తాం. ర్యాంక్ పెంచుకుంటాం, స్కిన్ కొంటాం, ఇంకో మ్యాచ్ ఆడతాం. ఆ ఆవేశం అంతా గేమే తాగేస్తుంది, బయటికి ఒక్క చుక్క కూడా మిగలదు. మన మాటలు కూడా చూడండి. "ఈ గన్‌కి సెన్సిటివిటీ ఎంత పెట్టావ్?", "ఏ ఫోన్‌లో ల్యాగ్ రాదు?" ఇవి మెకానిక్ షాపు దగ్గర మాట్లాడుకునే మాటల్లాంటివి. ఉపయోగపడతాయి, సెట్టింగ్ కుదిరాక అయిపోతాయి.

"అన్నా, నువ్వు తప్పు చెప్తున్నావ్, జెన్షిన్ ఇంపాక్ట్‌కి ఫ్యాన్స్ లేరా? అండర్‌టేల్‌కి లేరా?" అని ఈపాటికి కొందరు టైప్ చేస్తుంటారు. ఉన్నారు, చాలా గట్టిగా ఉన్నారు. కానీ వాటిని గమనించండి. అండర్‌టేల్‌లో ప్రతి క్యారెక్టర్‌కీ ఒక మనసు ఉంది. జెన్షిన్‌లో ఇంచుమించు ఆరు వారాలకోసారి కొత్త అప్‌డేట్ వస్తుంది, చాలాసార్లు దాంతోపాటు కొత్త కథ, కొత్త మనుషులు వస్తారు. అందరికీ ఒకే రోజు వస్తుంది. కథ అయిపోయాక మళ్లీ వచ్చేదాకా ఎదురుచూడాలి. ఇది ఎక్కడో విన్నట్టు లేదూ? సీరియల్ ఫార్ములానే కదా! "ది విచర్ 3" గేమ్ 2015లో వచ్చింది. 2019 డిసెంబర్‌లో విచర్ కథల మీద నెట్‌ఫ్లిక్స్ సిరీస్ రిలీజ్ అయ్యాక, స్టీమ్‌లో ఒకేసారి ఆ గేమ్ ఆడేవాళ్ల సంఖ్య నాలుగేళ్ల పాత రికార్డుని దాటింది. అంటే గేమ్‌కి కూడా జనాన్ని కట్టిపడేసే శక్తి ఉంది. అందరూ కలిసి చూసే కథ ఒకటి దొరకాలి, అంతే.

సరే, ఇదంతా నాకెందుకు ఇంత పట్టింది? ఇప్పుడు నా కథ చెబుతాను.

2020 లాక్‌డౌన్. హాల్లో అమ్మ టీవీ, లోపలి గదిలో నా ఫోన్. నాది పబ్‌జీ స్క్వాడ్, నలుగురం. నేను, గుంటూరు అబ్బాయి ఒకడు, కరీంనగర్ వాడు ఒకడు, షార్జాలో పనిచేసే తెలుగు అన్న ఒకడు. రోజూ రాత్రి పది నుంచి రెండు దాకా. ఒకరి గొంతు ఒకరికి బాగా తెలుసు. ఎవరు భయపడితే ఎలా మాట్లాడతారో కూడా తెలుసు. అసలు పేర్లు మాత్రం తెలీదు. "బ్రో", "అన్నా", అంతే. అడగాలని ఎప్పుడూ అనిపించలేదు.

సెప్టెంబర్ 2న ప్రభుత్వం 118 యాప్స్‌ని బ్యాన్ చేసింది, అందులో పబ్‌జీ ఉంది. ఫోన్‌లో ముందే ఉన్నవాళ్లకి ఇంకొన్నాళ్లు పనిచేసింది కాబట్టి మేము ఆడుతూనే ఉన్నాం. అక్టోబర్ చివర్లో ఒకరోజు గుంటూరు అబ్బాయి మ్యాచ్ మధ్యలో చెప్పాడు, "నాన్నకి ఆక్సిజన్ పెట్టారు బ్రో, రెండు మూడు రోజులు రాను" అని. "టేక్ కేర్ బ్రో" అన్నాను. ఆ మ్యాచ్ గెలిచాం కూడా.

అక్టోబర్ 30న ఇండియాలో సర్వర్లు ఆపేశారు. అతను మళ్లీ వచ్చాడో లేదో తెలీదు, ఎందుకంటే రావడానికి చోటే లేదు. 2021లో బీజీఎంఐ వచ్చింది గానీ, నేను ఆడింది గెస్ట్ లాగిన్‌తో. పాత అకౌంట్ రాలేదు, ఫ్రెండ్స్ లిస్టూ రాలేదు. వాళ్ల నాన్నగారు బతికారా లేదా అన్నది నాకు ఈరోజుకీ తెలీదు. నాలుగు నెలలు రోజూ నాలుగు గంటలు మాట్లాడిన మనిషి ఫోన్ నెంబర్ నా దగ్గర లేదు.

ఇక అమ్మ సంగతి. "కార్తీక దీపం" మొదటి కథ 2023 జనవరిలో అయిపోయింది. దాని గురించి రోజూ ఫోన్లు చేసుకున్న నలుగురు ఆంటీల గ్యాంగ్ మాత్రం అయిపోలేదు. అదే ఏడాది అమ్మకి గాల్‌బ్లాడర్ ఆపరేషన్ అయితే, వారం రోజులు మా ఇంటికి క్యారియర్లు వాళ్ల ఇళ్ల నుంచే వచ్చాయి. ఆ సీరియల్‌ని నేను ఎంత వెక్కిరించానో! వాళ్లకి అది కలుసుకోవడానికి ఒక సాకు. సాకు పోయినా మనుషులు మిగిలారు. స్టార్ ట్రెక్ కూడా అంతే. 1969లో ఆగిపోయింది, న్యూయార్క్‌లో పెద్ద ఫ్యాన్ కన్వెన్షన్ జరిగింది 1972లో. షో పోయిన మూడేళ్లకి!

తేడా అక్కడుంది ఫ్రెండ్స్. టీవీ ఫ్యాన్స్ మాట్లాడుకునేది టీవీ బయట, అందుకే టీవీ ఆగినా మాట ఆగదు. మనం మాట్లాడుకునేది గేమ్ లోపల. సర్వర్ ఆగితే మాటా ఆగుతుంది. మన గుంపు చిన్నదని నాకు బాధ లేదు. ఒక స్విచ్‌తో అది మాయమైపోతుంది, బాధ దానికే.

గేమ్స్ మానేయమని నేను చెప్పను. ఈ వీడియో షూట్ అయ్యాక నేనూ ఆడతాను. ఒక్కటే అడుగుతున్నాను. ఈ రాత్రి స్క్వాడ్‌లో ఉన్నప్పుడు, లాబీలో ఒక్క నిమిషం ఆగండి. చాలాకాలంగా కలిసి ఆడుతూ, మీకు నమ్మకం ఉన్నవాళ్లని "బ్రో, నీ అసలు పేరేంటి?" అని అడగండి. ఎలా ఉన్నారో, ఇంట్లో ఎలా ఉన్నారో అడగండి. గేమ్ బయట మాట్లాడుకునే దారి ఒకటి పెట్టుకోండి.

గుంటూరు తమ్ముడూ, ఒకవేళ ఇది నీ ఫీడ్‌లోకి వస్తే, నేను ఆ స్క్వాడ్‌లో ఎప్పుడూ లేటుగా జంప్ చేసేవాణ్ని. నాన్నగారు ఎలా ఉన్నారో ఒక్క మాట చెప్పు. ఆ రోజే అడగాల్సింది.

ఉంటాను ఫ్రెండ్స్. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.