ఎవరి చావు గడియ ఎవరు అడగాలి?



పుకార్లు, క్రైస్తవ సాక్ష్యం అనే అంశం మీద మాట్లాడమన్నారు. అన్ని పుకార్ల గురించి చెప్పే సమయం లేదు. ఒక్క రకం తీసుకుంటాను. అది మరణం గురించిన పుకారు. పేరున్న వ్యాపారవేత్త ఒకరు మంచం పడితే చాలు, లోకం లెక్కలు మొదలుపెడుతుంది. ఇంకెన్ని రోజులు? అసలు బతికే ఉన్నాడా? ఎప్పుడో పోతే దాచిపెట్టారా?

ఈ లెక్కలు ఎంత దూరం పోతాయో తెలియాలంటే ఆపిల్ కంపెనీ స్థాపకుల్లో ఒకరైన స్టీవ్ జాబ్స్ విషయం చూడాలి. 2003లో ఆయనకు పాంక్రియాస్‌లో కణితి ఉన్నట్టు తేలింది. 2004లో ఆపరేషన్ అయింది. 2008 జూన్‌లో వేదిక మీద బాగా చిక్కి కనిపించేసరికి ఊహాగానాలు మొదలయ్యాయి. ఆ ఆగస్టులో బ్లూమ్‌బర్గ్ వార్తా సంస్థ ముందే రాసి పెట్టుకున్న ఆయన సంతాప వార్తను పొరపాటున బయటికి వదిలేసింది. అందులో వయసు, మరణ కారణం రాయాల్సిన చోట ఖాళీలున్నాయి. మనిషి బతికుండగానే ఆయన చావుకు ఫారం నింపి, రెండు గళ్లు మాత్రం మిగిల్చారన్నమాట. అక్టోబరు 3న ఆయనకు గుండెపోటు వచ్చిందని ఎవరో ఇంటర్నెట్‌లో అబద్ధం రాశారు. కొద్దిసేపట్లోనే ఆపిల్ షేరు ధర పడిపోయింది. అబద్ధమని తేలాక మళ్లీ కోలుకుంది.

2009లో ఆయనకు కాలేయ మార్పిడి జరిగింది. 2011 ఫిబ్రవరిలో ఒక పత్రిక ఆయన ఫోటోలు అచ్చువేసి, ఆ ఫోటోలు చూసిన డాక్టరు మాట అంటూ, ఆరు వారాలే మిగిలాయని రాసింది. ఆ ఆరు వారాలు గడిచాయి. ఆయన బతికే ఉన్నారు. సెప్టెంబరు 9న ఒక వెబ్ కార్యక్రమం ట్విట్టర్ ఖాతా ఆయన చనిపోయారని ప్రకటించి, తర్వాత వెనక్కి తీసుకుంది. చివరికి అక్టోబరు 5న 56 ఏళ్ల వయసులో ఆయన కన్నుమూశారు.

అప్పుడైనా ఆగారా? లేదు. అంతకు ముందు రోజే, అక్టోబరు 4న, కంపెనీ ఐఫోన్ 4ఎస్‌ను ఆవిష్కరించింది. ఆ కార్యక్రమం అయ్యేదాకా వార్త తొక్కిపెట్టారేమో అన్నారు. ఆ పేరులోని ‘4ఎస్’ అంటే ‘ఫర్ స్టీవ్’ అని కొందరు అర్థం తీశారు. కౌంటీ అధికారులు ఇచ్చిన మరణ ధ్రువపత్రంలో మాత్రం విషయం సూటిగా ఉంది. సొంత ఇంట్లో, మధ్యాహ్నం సుమారు మూడు గంటలకు. ఆ గడియను భార్యాబిడ్డల కోసం ఒక కాగితం భద్రంగా నమోదు చేసింది. ఈ మూడు గంటల మాట గుర్తుంచుకోండి, మళ్లీ అవసరమవుతుంది.

ఇక్కడ న్యాయంగా ఒక మాట చెప్పాలి. పెద్ద కంపెనీని నడిపే మనిషి ఆరోగ్యం ఎలా ఉందో అందులో డబ్బు పెట్టినవాళ్లకు తెలియనక్కరలేదా అంటే, తెలియాలి. జాబ్స్ శస్త్రచికిత్స కంపెనీకి సంబంధించిన ముఖ్య సమాచారమేనని వారెన్ బఫెట్ కూడా అన్నారు. ఆ ప్రశ్న కంపెనీ బోర్డును అడగాల్సింది. బోర్డు జవాబు చెప్పాల్సింది. అయితే బోర్డును నిలదీయడం వేరు, రోగి ఫోటో చూసి రోజులు లెక్కపెట్టడం వేరు. మొదటిది జవాబుదారీతనం. రెండోది తొమ్మిదో ఆజ్ఞను మీరడం. పొరుగువాని మీద అబద్ధ సాక్ష్యం చెప్పకూడదన్న ఆజ్ఞలో ఆ పొరుగువాడు పేదవాడైతేనే అన్న షరతు లేదు.

క్రైస్తవులమైన మనం ఇంకో అడుగు ముందుకు వేస్తాం. ఎప్పుడు పోయాడన్న దానితో ఆగక, ఎందుకు పోయాడో కూడా మనమే తేల్చేస్తాం. జాబ్స్ అంత్యక్రియల దగ్గర నిరసన చేస్తామని అమెరికాలోని వెస్ట్‌బరో బాప్టిస్టు చర్చి వాళ్లు ప్రకటించారు. ఆ ప్రకటన పంపింది ఐఫోన్ నుంచే! వాళ్లను చూసి నవ్వుకునే ముందు మన సంఘాల వాట్సాప్ గ్రూపులు ఒకసారి తెరిచి చూద్దాం. ప్రార్థన మనవి అనే పేరుతో ఎంతమంది రోగం వివరాలు, రిపోర్టులు, ఆసుపత్రి మంచం మీది ఫోటోలు ఊరూరా తిరుగుతున్నాయి? ఇది ఫలానా పాపానికి శిక్ష అని ఎన్ని ఇళ్లలో మాట్లాడుకుంటున్నాం? సిలోయము గోపురం కూలి 18 మంది చనిపోయినప్పుడు, వాళ్లు మిగతావాళ్లకంటే పాపులా అన్న ఆలోచనను ప్రభువు తోసిపుచ్చాడు. ఆ ప్రశ్నను విన్నవాళ్ల మీదికే తిప్పాడు, ముందు మీరు మారండి అని. మరణ వార్త విన్నవాడు చేయాల్సిన మొదటి పని అది.

మన దేశంలోనూ ఇలాంటిది చూశాం. 2024 అక్టోబరు 7న రతన్ టాటా గారి ఆరోగ్యం గురించి ముంబయి నుంచి పుకార్లు లేచాయి. వయసు రీత్యా పరీక్షలు చేయించుకుంటున్నానని, తప్పుడు సమాచారం పంచవద్దని ఆయన పేరిటే ప్రకటన వచ్చింది. రెండు రోజులకు, 9వ తేదీ రాత్రి, 86 ఏళ్ల వయసులో ఆయన కన్నుమూశారు. చూశారా, పుకారే నిజమైంది కదా అని ఎవరైనా అనవచ్చు. కాదు. 86 ఏళ్ల మనిషి మంచం మీద ఉంటే ఏదో ఒక రోజు మరణ వార్త వస్తుందని ఎవరైనా చెప్పగలరు. వార్త నిజం కావడం ఒకటి, దాన్ని ముందుగా చాటే హక్కు మనకుండటం ఇంకొకటి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. జాబ్స్ ఇంకెన్నాళ్లని లోకం లెక్కలు వేస్తున్న కాలంలోనే, 2010లో, చైనాలోని ఫాక్స్‌కాన్ కర్మాగారాల్లో కార్మికుల ఆత్మహత్యలు వరసగా జరిగాయి. ఆపిల్‌తో సహా అనేక కంపెనీలకు వస్తువులు తయారుచేసే కర్మాగారాలు అవి. ఆ ఒక్క ఏడాది 14 మంది చనిపోయారు. ఎక్కువమంది పాతికేళ్లు నిండని పిల్లలే. కంపెనీ భవనాల చుట్టూ వలలు కట్టింది. ఆ పిల్లల్లో ఒక్కరి పేరైనా, ఏ గంటకు పోయారన్నదైనా మనలో ఎవరికి తెలుసు?

అంత దూరం ఎందుకు, చెన్నై పక్కనే శ్రీపెరుంబుదూరు ఉంది. అక్కడి ఫాక్స్‌కాన్ కర్మాగారంలో ఐఫోన్లు తయారవుతాయి. 2021 డిసెంబరులో హాస్టల్ భోజనం తిని సుమారు 250 మంది మహిళా కార్మికులు జబ్బుపడ్డారు. 159 మంది ఆసుపత్రి పాలయ్యారు. తమతో పడుకున్న పిల్లలు ఏమయ్యారో మిగతావాళ్లకు తెలియలేదు. కొందరు చనిపోయారన్న మాట పాకింది. ఆడపిల్లలు చెన్నై-బెంగళూరు హైవే మీద బైఠాయించారు. చనిపోయారన్న మాట నిజం కాదు. అయినా, ప్రియులారా, ఆ మాటను వాల్ స్ట్రీట్ పుకారుతో ఒక గాటన కట్టకండి. ఒకటి షేరు ధర కోసం పుట్టింది. ఇంకొకటి ‘మా అక్క ఏదీ, మా చెల్లి ఏదీ’ అన్న ప్రశ్నకు జవాబు చెప్పే నాథుడు లేక పుట్టింది. ఆ పిల్లలు రోడ్డెక్కిన తర్వాతే హాస్టళ్లలో ఎలా ఉంచుతున్నారో దేశానికి తెలిసింది. ఆ కర్మాగారాన్ని ఆపిల్ పరిశీలనలో పెట్టింది.

ఇంకా దగ్గరికి వద్దాం. చెన్నైలో, బెంగళూరులో, కోలార్ బంగారు గనుల ఊళ్లలో తరతరాలుగా ఊరి మురికి ఎత్తినవాళ్లలో తెలుగు మాట్లాడే మన దళిత కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఆ కోలార్ గనుల్లోనే, అలాంటి కుటుంబంలోనే పుట్టిన బెజవాడ విల్సన్ గారు సఫాయి కర్మచారీ ఆందోళన్‌ను నడిపించారు. ఆ సంస్థ వేసిన కేసులో 2014 మార్చి 27న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. 1993 నుంచి మ్యాన్‌హోళ్లలో, సెప్టిక్ ట్యాంకుల్లో చనిపోయిన వారందరి కుటుంబాలనూ గుర్తించి, ఒక్కొక్కరికి 10 లక్షల రూపాయలు ఇవ్వాలని చెప్పింది. 2023 అక్టోబరు 20న ఇంకో తీర్పులో ఆ మొత్తాన్ని 30 లక్షలకు పెంచింది.

తీర్పు ఉంది, డబ్బు అందాలి. కానీ అందాలంటే ఏం చూపించాలి? మనిషి ఏ రోజు పోయాడు, ఏ చోట పోయాడు, ఏ పనిలో పోయాడు అన్నది చూపించాలి. కాంట్రాక్టరు ‘వాడిని నేను దిగమనలేదు’ అంటాడు. కాగితంలో ‘ప్రమాదం’ అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటే, విషవాయువు సంగతి ఆ కాగితం దాటి రాదు. జాబ్స్ కుటుంబానికి అడగకుండానే దొరికిన ఆ మూడు గంటల మాట కోసం, మన విధవరాలు ఏళ్ల తరబడి ఆఫీసుల మెట్లు ఎక్కి దిగాలి. ఒకరి చావు గడియ మీద లోకమంతా పందెం కాస్తుంది. ఇంకొకరి చావు గడియ ఒక్క రిజిస్టరులోకి ఎక్కదు. లూకా 16లో ప్రభువు చెప్పిన కథలో మాత్రం ఇది తలకిందులై ఉంది. ధనవంతుడికి పేరు లేదు. గుమ్మం దగ్గర పడి ఉన్న బీదవాడికి లాజరు అని పేరుంది.

ద్వితీయోపదేశకాండం 21వ అధ్యాయం తీరికగా చదవండి. పొలంలో ఒక శవం దొరికింది, చంపింది ఎవరో తెలియదు. అప్పుడు పెద్దలు వచ్చి, ఆ శవం నుంచి చుట్టూ ఉన్న ఊళ్లకు దూరం కొలవాలి. ఏ ఊరు దగ్గరో ఆ ఊరి పెద్దలు దేవుని ముందు నిలబడి జవాబు చెప్పుకోవాలి. ‘మాకు తెలియదు’ అని ఇంటికి పోవడానికి లేదు. చనిపోయినవాడు ఎవరైనా సరే, దూరం కొలవాల్సిందే. మన సంఘం నుంచి ఆ మ్యాన్‌హోల్‌కు దూరమెంతో ఎప్పుడైనా కొలిచామా?

కాబట్టి నేను అడిగేవి రెండు పనులు. మొదటిది, మౌనం. పెద్దవాళ్లదైనా చిన్నవాళ్లదైనా, ఇంటివాళ్లు చెప్పకముందు మరణ వార్తను మన ఫోను దాటనివ్వకూడదు. రోగి అనుమతి లేని ఫోటో, రిపోర్టు ప్రార్థన గ్రూపులో పెట్టకూడదు. పేరు చెప్పి ప్రార్థిస్తే చాలు, మిగతాది ప్రభువుకు తెలుసు.

రెండోది, ప్రశ్న. మన వాడలో ఎవరైనా పనిలో చనిపోతే, సమాధి కార్యక్రమం జరిపించడంతో పాస్టరు పని అయిపోదు. ఆ రోజే పేరు, తేదీ, గంట, చోటు, పనికి పంపినవాడి పేరు, కళ్లారా చూసినవాళ్ల పేర్లు రాసి పెట్టండి. ఎఫ్‌ఐఆర్ నకలు, పోస్టుమార్టం రిపోర్టు, మరణ ధ్రువపత్రం ఇంటివాళ్ల చేతికి వచ్చేదాకా వెంట ఉండండి. బాప్తిస్మాలకు, వివాహాలకు మన సంఘాల్లో రిజిస్టర్లు ఉన్నాయి. దీనికీ ఒకటి పెట్టండి. ఏళ్ల తర్వాత కోర్టు అడిగినప్పుడు ఆ ఒక్క పేజీయే ఆ కుటుంబానికి సాక్షిగా నిలబడవచ్చు.

హేబెలు రక్తం నేలలోకి ఇంకిపోయాక కూడా దేవుడు కయీనును అతని తమ్ముని గురించి అడిగాడు. చావు గురించి అడిగే హక్కు మనకు అక్కడి నుంచే వచ్చింది. దాన్ని ఫోన్లలో పుకార్లకు ఖర్చు చేయకుండా, ఆఫీసుల ముందు నిలబడి అడగడానికి వాడుకునే ధైర్యం ప్రభువు మనకు దయచేయును గాక. ఆమేన్.