పొట్లముపై పేరు - పసిబిడ్డ ప్రాణము



విద్యను గూర్చియు, వసతిగృహములను గూర్చియు పెద్దలు చక్కగా నుపన్యసించిరి. మేము పసిబిడ్డల ప్రాణములకు సంబంధించిన విషయమొకటి విన్నవించుకొనుచున్నాము.

విరేచనములచే వాడిపోయిన బిడ్డకు వైద్యులిచ్చు ఓ.ఆర్.ఎస్. ద్రావణమును మీరెల్లరు నెరుగుదురు. ప్రపంచ ఆరోగ్య సంస్థవారి 2002 నాటి కొలత ప్రకారము లీటరు నీటికి గ్లూకోజు 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు, పొటాషియము క్లోరైడు 1.5 గ్రాములు, సోడియము సిట్రేటు 2.9 గ్రాములు ఉండవలెను. గ్లూకోజును, ఉప్పును తగుపాళ్లలో నున్నప్పుడే ప్రేవులు నీటిని చక్కగా గ్రహించును. చక్కెర మితిమీరినచో ఒంటిలోని నీరు ప్రేవులలోనికి దిగి విరేచనములు హెచ్చును.

ఇట్లుండగా, తియ్యని పానీయములను డబ్బాలలో నింపి, పేరులో నీ మూడక్షరములను జేర్చి, మందుల దుకాణములందే విక్రయించుచు వచ్చిరి. హైదరాబాదు శిశువైద్యురాలు డాక్టరు శివరంజని సంతోష్ గారు దీనిపై పలు వత్సరములు పోరాడి, 2022 లో తెలంగాణ ఉన్నత న్యాయస్థానము నాశ్రయించిరి. ఆహారపదార్థముల ప్రమాణములను నిర్ణయించు కేంద్రసంస్థవారు 2022 ఏప్రిలులో ఆ పేరును నిషేధించి, జూలైలోనే, ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రము కాదని డబ్బాపై ముద్రించిన చాలునని సడలించిరి. అర్ధరాత్రి సొమ్మసిల్లిన బిడ్డను భుజమున వైచుకొని పరుగెత్తివచ్చిన తల్లి ఆ వ్రాతను చదువగలదా? చదువురాని తల్లి గతి యేమి? తుదకు 2025 అక్టోబరు 14 న ఆ సడలింపును రద్దుచేసిరి.

చట్టము లేకపోలేదు. 2006 నాటి ఆహార భద్రతా చట్టమునందు 24 వ విభాగము మోసపు ప్రకటనలను నిషేధించుచున్నది. 53 వ విభాగము 10 లక్షల రూపాయల వరకు జరిమానా విధించుచున్నది. అయినను ఒక పేరు తొలగుటకు ఇన్ని యేండ్లు పట్టినది. కొనువాడు కన్నులు మూసికొన్నచో చట్టము నిదురించును.

కావున వ్యాపారమందున్న మన సోదరులకు మా ప్రార్థన: లాభము కొంత తగ్గినను, మందు కాని దానిని మందు పేరిట అమ్మకుడు. తల్లులారా! ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రమని ముద్రించిన పొట్లమునే యడిగి, అందు సూచించినంత నీటనే కలిపి త్రాగింపుడు. మన ప్రతి వసతిగృహమునందును అట్టి పొట్లములు సిద్ధముగా నుంచుటకు దాతలు తోడ్పడవలెను. బలము, తెలివి, పొడవు పెంచుదుమను పొడుల విషయమందును ఇదే జాగరూకత వహింపుడు.