ఊఁ, తర్వాత?



చద్దర్ల గురించి, టవల్ గిరాకీ గురించి చెప్పేవాళ్లు ఈ వేదిక మీద చాలామంది ఉన్నారు. మేం ఇంకో మాట ఒప్పుకుందామని వచ్చినం. మాకు పుస్తకం చదవడం చేతకాకుండా పోతున్నది. కళ్లు బాగానే ఉన్నయి. రెండు పేజీలు దాటంగనే మనసు నిలుస్తలేదు.

మా చిన్నప్పుడు సాయంత్రం కాంగనే అమ్మ, పెద్దమ్మ చాటల్లో తునికాకు, తంబాకు పెట్టుకొని బీడీలు చుట్టేవాళ్లు. పక్క షెడ్డులో సాంచాల చప్పుడు. అమ్మకు అక్షరం రాదు. మేం అన్నదమ్ములం వంతులేసుకొని గట్టిగా చదివి వినిపించేవాళ్లం. ముందు చందమామ. 1947లో మొదలైన ఆ పత్రిక మరాఠీలో చాందోబా పేరుతో వచ్చేది, కాబట్టి పక్కింటి పిల్లలకూ మాకూ బేతాళుడు ఒక్కడే! తర్వాత యద్దనపూడి సులోచనారాణి నవలలు. ఊరికి పోయొచ్చేవాళ్ల సంచుల్లో అట్టలు ఊడి వచ్చేవి. అమ్మ చేతులు ఆగేవి కావు. మేం ఆగితే మాత్రం, "ఊఁ, తర్వాత?" అనేది.

నిరుడు అమ్మకు చూపు తగ్గి బీడీలు మానేసింది. పొద్దు పోతలేదు, ఏదన్న చదువు బిడ్డా అన్నది. 'సెక్రటరీ' తీసినం. రెండు పేజీలు అయినయో లేదో, ఫోన్ మోగకుండనే చెయ్యి దాని మీదికి పోయింది. ఎవరివో పెండ్లి ఫొటోలు. మళ్లీ పుస్తకం పట్టుకుంటే, చదివిన వరుసనే చదువుతున్నం. అమ్మ అన్నది: "చాలు తియ్ బిడ్డా. నువ్వు చదువుతున్నవ్ గని, నువ్వే వింటలేవు."

మనం నేసేవాళ్లం. పేక తెగితే సాంచా దానంతటదే ఆగుతది. పడుగు పోగు తెగింది చూసుకోకపోతే మాత్రం బట్ట నడుస్తనే ఉంటది, గీత పడుతనే ఉంటది. మాకు అయింది ఈ రెండోది. గంట కూర్చున్నం కాబట్టి చదివినమనే అనుకున్నం.

ఫోన్‌ను తిట్టి కూర్చోలేం. షెడ్డు లెక్కలు, ఊళ్లో చావు కబురు, ఆఖరికి ఈ సంచిక కూడా దాంట్లోనే వస్తది. దీన్ని చదువుతూ మధ్యలో ఎన్నిసార్లు బయటికి పోయిన్రో మీకే తెలుసు.

భయం ఇంకోటి. ఆంధ్రపత్రిక 1908లో వారపత్రికగా పుట్టింది బొంబాయిలోనే. అట్లాంటి ఈ రాష్ట్రంలో మా ఇంటి పిల్లలకు తెలుగు నోటికి వస్తది, కంటికి రాదు. వాళ్లు మరాఠీ, ఇంగ్లీషు బడుల్లో చదువుతున్నరు. మా మనసు చెదిరితే మా ఇంట్లో తెలుగు పుస్తకం తెరిచేటోళ్లు ఉండరు.

ఇప్పుడు రాత్రి అన్నం తిన్నంక ఫోన్ బీరువాలో పెడుతున్నం. మనసులో చదివితే పారిపోతున్నమని పైకే చదువుతున్నం. ఎదురుగా వినేటోళ్లుంటే తప్పించుకోలేం కదా. మొదట నాలుగు పేజీలు, ఇప్పుడు పన్నెండు దాక వచ్చినం. కొన్ని రోజులు బీరువా తలుపు తీసి దొరికిపోయినం కూడా. మనుమరాలు వచ్చి అవ్వ పక్కన కూర్చుంటున్నది. అర్థం కాని మాటకు ఆపి అడుగుతది, దాంతో రెండు పేజీలు తగ్గుతున్నయి. తగ్గనీ.

నిన్న ఇక్కడికి బండెక్కేటప్పుడు అమ్మ అడిగింది, ఇంక జయంతి సంగతి ఏమైతదని. ఆ కథ ఆమెకు నలభై ఏండ్ల కింది నుంచి తెలుసు. పేజీలో గుర్తుకు నూలుపోగు పెట్టి వచ్చినం.