లారీ డ్రైవరు నాటకం, ఒక ప్రొఫెసరు లెక్క

పౌర సంబంధాలనగానే మనకు పత్రికా ప్రకటనలు, శాలువాల సన్మానాలే గుర్తొస్తాయి. కానీ ఆ మాట నేర్పు ఊరి ఆరోగ్యానికి ఎంతవరకు పనికొస్తుందో లెక్కగట్టి చూసిన ఆచార్యుల్లో ఎవరెట్ రోజర్స్ ఒకరు. 1931లో అమెరికాలోని అయోవాలో, రైతు ఇంట పుట్టారు. సంకర మొక్కజొన్న విత్తనాన్ని వాళ్ల నాన్న ఏళ్ల తరబడి నమ్మలేదు. 1936 కరువులో ఆ విత్తనం వేసిన పొరుగాయన చేను నిలబడింది, వీళ్లది ఎండిపోయింది. కొత్త సంగతి జనంలో ఎలా పాకుతుంది, ఎక్కడ ఆగుతుంది? దాని మీదే 1962లో పుస్తకం రాశారు.

నాకు బాగా నచ్చేది మాత్రం టాంజానియాలో ఆయన బృందం చేసిన పరిశీలన. అక్కడ 1993లో ఎయిడ్స్ గురించీ, కుటుంబ నియంత్రణ గురించీ చెప్పే ‘ట్వెండే నా వకాటి’ అనే రేడియో నాటకం మొదలైంది. అందులో మ్క్వాజు అనే లారీ డ్రైవరు దారి పొడవునా తిరుగుళ్లు తిరిగి ఎయిడ్స్ తెచ్చుకుంటాడు. డాక్టరు చెబితే తలూపి వచ్చేస్తాం గానీ, ఇలాంటివాడి కథైతే ఇంటికొచ్చి చెప్పుకుంటాం కదా! అక్కడి ఆలుమగలూ అదే చేశారు. కుటుంబ నియంత్రణ పాటించేవారు పెరిగారు. పోల్చి చూడటానికి డొడోమా ప్రాంతంలో 1995 దాకా ఆ నాటకం వేయలేదు. తర్వాత వినిపిస్తే, అక్కడా మార్పు కనిపించింది.