సేవావ్రతము - మన కృతజ్ఞత

మేలు చేసినవారిని మరువరాదని పెద్దలు చెప్పుదురు. కాని జీవితమంతయు పరసేవకు ధారపోసి, ఆ సేవాభాగ్యమే తమకు దేవుడిచ్చిన వరమని సంతోషించువారి ఋణము మనమెట్లు తీర్చుకొనగలము? గుంటూరు రోగులకు సేవచేయుటయే జీవితముగా పెట్టుకొన్న డాక్టరు మేరీ గ్లోరీ గారిని తలచినప్పుడెల్ల మాకు ఈ ప్రశ్న కలుగుచున్నది.

ఆమె 1887లో ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రమున జన్మించిరి. 1910లో మెల్బోర్న్ విశ్వవిద్యాలయమున పట్టము పొంది, ఆ నగరముననే వైద్యవృత్తి సాగించుచుండిరి. 1915లో ఒక చిన్న పుస్తకము ఆమె కంటబడినది. భారత స్త్రీల వైద్యమునకై పాటుపడిన స్కాట్లండు వైద్యురాలు ఆగ్నెస్ మెక్‌లారెన్ గారిని గూర్చినది అది. గోషాలోని స్త్రీలు మగ వైద్యుని యెదుటికి రాలేక, తల్లులును శిశువులును దిక్కులేక మరణించుచున్నారని తెలిసికొని, ఇదియే తన దైవపిలుపని ఆమె నిశ్చయించుకొనిరి.

అయినను దారి సుగమము కాలేదు. గోషా నియమము రోగిని గడప దాటనీయదు. ఆ కాలపు కతోలిక సంఘనియమము మఠకన్యను వైద్యము చేయనీయదు. కాన్పులు చూచుట మరింత నిషిద్ధము. ఈ రెండు కట్టుబాట్ల నడుమ నలిగినవి తల్లుల ప్రాణములు. పోపు 15వ బెనెడిక్టు గారి ప్రత్యేకానుమతి వలన మేరీ గారు మఠకన్యయు వైద్యురాలును కాగలిగిరి. ఆ నిషేధము మఠకన్యలందరికిని సడలినది 1936లో మాత్రమే.

1920లో గుంటూరు చేరి, ఆమె యేసు మరియ జోజప్ప సభలో ప్రవేశించిరి. చిన్న ఔషధాలయము క్రమముగా సెయింట్ జోసఫ్ ఆసుపత్రిగా పెరిగినది. ఒక్క వైద్యురాలు ఎందరిని చూడగలదు? అందుచేత ఆమె స్థానిక స్త్రీలకు మందులు కలుపుట, పురుడు పోయుట, రోగులకు పరిచర్య చేయుట నేర్పించిరి.

ఆమె చేసిన ఉపకారములలో ఇదియే మిన్న యని మా తలంపు. ఒకరి చేతి చలువ ఆ చేతితోనే పోవును. నేర్పిన విద్య చేతులు మారుచు నిలుచును. 1943లో ఆమె కతోలిక ఆసుపత్రులను ఒక సంఘముగా కూర్చిరి. అది నేటికిని సికిందరాబాదు కేంద్రముగా పనిచేయుచున్నది. కతోలిక వైద్యకళాశాల యొకటి వెలయవలెనని ఆమె కోరిరి. 1963లో బెంగుళూరున సెయింట్ జాన్స్ వైద్యకళాశాల ఆరంభమైనది. దానిని చూచుటకు ఆమె లేరు. 1957 మే 5వ తేదీన ఆ నగరముననే కన్నుమూసిరి. 1920లో విడిచిన స్వదేశమును ఆమె మరల చూడలేదు.

ఇట్టివారు మన పొగడ్తలు కోరలేదు. రాత్రియెల్ల మేల్కొని రోగి ప్రక్కన నిలుచు నర్సును మర్యాదతో పలుకరించుట, మన యింటి ఆడబిడ్డ ఆ చదువు చదివెదనన్నప్పుడు అడ్డు చెప్పక దీవించి పంపుట, ఈ రెండును మనము చేయగలిగినవి. కృతజ్ఞత మాటగా మిగిలిపోక మన నడతలో కనబడిననాడే ఆ ఋణము కొంతయైన తీరును.